అసలుకు రెట్టింపు దాటితే...

రుణమాఫీ అంటే ఎన్నికల హామీ. పన్ను అంటే బడ్జెట్ రోజు మాట. ఈ రెండింటికీ సంబంధం ఏమిటంటారా? నూటయాభై ఏళ్లుగా ఈ రెండూ ఒకే ఇంటి లెక్కల పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఓసారి తిరగేస్తే...

రూ.50 వేల అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ప్రామిసరీ నోటు, దాని మీద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద సంతకం. కృష్ణా డెల్టాలో వరి వేసే ఊరైనా, వరంగల్ వైపు పత్తి వేసే ఊరైనా లెక్క ఒకటే. నెలకు రూ.1,500, ఏడాదికి రూ.18 వేలు. పంట రాగానే కట్టేద్దామనుకున్నాడు రైతు. ఒక ఏడు వానలు ముంచాయి. మరో ఏడు పంట పండింది కానీ ధర లేదు. చూస్తూండగానే మూడేళ్లు గడిచాయి. నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి తిరగరాయాలి. అసలు 50 వేలు, వడ్డీ 54 వేలు... కలిపి రూ.1.04 లక్షలకు కొత్త నోటు. ఇప్పుడు అదంతా అసలే! మరో మూడేళ్లకు మళ్లీ తిరగరాస్తే, ఆ కాగితం మీద పడే అంకె రూ.2,16,320.

ఆరేళ్లలో రైతు చేతికి అదనంగా ఒక్క రూపాయి కూడా రాలేదు. అప్పు మాత్రం నాలుగింతలు దాటింది.

అప్పు చేసి పప్పుకూడు అని సామెత. కానీ ఈ అప్పు పప్పుకూడు కోసం చేసింది కాదు. విత్తనానికి, ఎరువుకు, కౌలుకు, కూలీకి చేసింది. అలాంటి అప్పు ఎంతవరకు పెరగొచ్చు? దానికి ఎక్కడైనా ఒక హద్దు ఉండాలా, అక్కర్లేదా?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. సమాధానం కూడా పాతదే.

కాలింది కాగితాలే

1875 మే 12. పుణె జిల్లాలోని సుపా అనే ఊళ్లో సంత రోజు. చుట్టుపక్కల పల్లెల రైతులు వడ్డీవ్యాపారుల ఇళ్ల మీద పడ్డారు. వాళ్లు ముఖ్యంగా అడిగింది డబ్బు కాదు. అప్పు పత్రాలు, లెక్కల పుస్తకాలు! వాటిని వీధిలో కుప్పపోసి తగలబెట్టారు. ఆ మంట ఊరూరా పాకి అహ్మద్‌నగర్ జిల్లా దాకా వెళ్లింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని దక్కన్ అల్లర్లు అంటారు.

మరి రైతులు అంతగా అప్పుల్లో ఎలా కూరుకుపోయారు? 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఆగిపోవడంతో మన పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. వ్యాపారులు పిలిచి మరీ అప్పులిచ్చారు. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటిష్ సర్కారు భూమి శిస్తును సవరించి బాగా పెంచింది. శిస్తు ధాన్యంగా కాదు, నగదుగా కట్టాలి. అదీ గడువులోపే కట్టాలి. పంట అమ్ముడుపోయినా పోకపోయినా సర్కారుకు అనవసరం. చేతిలో నగదు లేని రైతు ఎక్కడికి వెళ్తాడు? వడ్డీవ్యాపారి గడపకే.

అప్పు పుట్టింది వడ్డీవ్యాపారి ఇంట్లోనే కావచ్చు. దాన్ని కన్నది మాత్రం పన్ను! ఈ సంగతి తెలిసే 1879లో దక్కన్ రైతుల ఉపశమన చట్టం తెచ్చారు. పత్రం మీద ఉన్న అంకెను చూసి తీర్పు చెప్పేయకుండా, ఆ అప్పు మొదట ఎంత, వడ్డీ ఎంత, కట్టింది ఎంత అని తవ్వి చూసే అధికారాన్ని కోర్టులకు ఇచ్చింది ఆ చట్టం. అప్పు కట్టలేదని రైతును జైల్లో పెట్టడాన్నీ ఆపింది. శిస్తు మాత్రం అలాగే ఉంది.

రెట్టింపుకు గీత

అప్పుకు హద్దు ఉండాలన్న ఆలోచన ఇంగ్లిషు వాళ్లు నేర్పింది కాదు. మన ధర్మశాస్త్రాల్లోనే ఉంది. ఒకసారి వసూలు చేసే వడ్డీ అసలును మించకూడదు, అంటే మొత్తం రెట్టింపు దాటకూడదు. గౌతమ ధర్మసూత్రాల్లోనూ, మనుస్మృతిలోనూ కనిపించే ఈ నియమానికి దామ్‌దుపట్ అని పేరు. బొంబాయి ప్రెసిడెన్సీ కోర్టులు, కలకత్తా నగరంలోని హైకోర్టు దీన్ని హిందువుల అప్పులకు వర్తింపజేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాల్లో మాత్రం చెల్లలేదు. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

అలాగని పాత పుస్తకాలన్నీ పేదవాడి పక్షమేనని మురిసిపోనక్కర్లేదు. అదే మనుస్మృతి కులాన్ని బట్టి వడ్డీ చెప్పింది. పై వర్ణానికి నెలకు నూటికి రెండు, అన్నిటికన్నా కింద ఉన్నవాడికి నూటికి ఐదు! లేనివాడికే ఎక్కువ వడ్డీ అనే సూత్రం ఎంత పాతదో చూశారా? ఈ రోజుక్కూడా కారు కొనేవాడికి దొరికే వడ్డీకీ, ఎరువు బస్తా కొనేవాడికి బయట దొరికే వడ్డీకీ మధ్య తేడా అదే కదా!

ఆ గీత మన జిల్లాలకు 1938లో వచ్చింది. 1929 తర్వాత ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ధాన్యం ధరలు కుప్పకూలాయి. పుట్టి ధాన్యం అమ్మితే తీరాల్సిన అప్పుకు రెండు పుట్లు అమ్మాల్సి వచ్చింది. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన రైతు రక్షణ యాత్ర చేశారు. అప్పుడు మద్రాసులో రాజాజీ ప్రభుత్వం. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి. 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం వచ్చింది.

అందులో ఏముంది? 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకు, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. రైతు అప్పటికే అసలుకు రెట్టింపు కట్టి ఉంటే, అసలుతో సహా అప్పు తీరిపోయినట్టే! అది వడ్డీ కింద కట్టాడా, అసలు కింద కట్టాడా అన్న తర్కం లేదు. తర్వాతి అప్పులకు కూడా తక్కువ బారువడ్డీని నిర్ణయించారు. చక్రవడ్డీ బారి నుంచి ఎన్నో పొలాలు బయటపడ్డాయి.

అయితే చట్టం దృష్టిలో వ్యవసాయదారుడంటే భూమిలో ఏదో ఒక హక్కు ఉన్నవాడు. రెక్కలు తప్ప ఏమీ లేని కూలీకి అందులో చోటు లేదు. ఇక నిజాం రాజ్యంలో ఆ చట్టం ఊసే లేదు. అప్పు తీర్చలేనివాడు భగేలాగా దొర ఇంట ఏళ్ల తరబడి చాకిరీ చేయాల్సిందే. కొన్నిచోట్ల తండ్రి అప్పుకు కొడుకు కూడా. దేశమంతటా అలాంటి అప్పులు చెల్లవని తేల్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రావడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

కుడిచేత్తో ఇచ్చి...

ఇక్కడే కథలో రెండో పాత్ర ప్రవేశిస్తుంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. కల్లు, సారా మీద వచ్చే ఆదాయం పోయింది. ఆ లోటు ఎలా పూడ్చాలి? 1939లో అమ్మకం పన్ను వచ్చింది. సరుకులన్నిటి మీదా సాధారణ అమ్మకం పన్ను వేయడం దేశంలో అదే మొదలు. అప్పు దగ్గర రైతు పక్షాన నిలబడిన ప్రభుత్వమే, ఏడాదిన్నర తిరిగేసరికి దుకాణం దగ్గర అందరి జేబులోనూ చెయ్యి పెట్టింది.

మంచి పనికే కదా అనొచ్చు. నిజమే. కానీ అమ్మకం పన్నుకు ఒక గుణం ఉంది. అది కొన్న వస్తువును చూస్తుంది కానీ కొన్న మనిషిని చూడదు. రూ.10 వేల ఫోను మీద 18 శాతం అంటే రూ.1,800. నెలకు రూ.15 వేలు సంపాదించే కూలీకి అది నెల ఆదాయంలో 12 శాతం. రూ.1.5 లక్షలు సంపాదించే ఉద్యోగికి 1.2 శాతం. ఒకే బిల్లు, ఒకే పన్ను... భారం మాత్రం పదింతల తేడా!

ఆ అమ్మకం పన్నే తర్వాత వ్యాట్ అయింది, 2017 జులై 1న జీఎస్టీ అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రధానంగా 5, 18 శాతాల రెండు శ్లాబులు, విలాస వస్తువుల వంటి వాటికి 40 శాతం మిగిలాయి. సబ్బులు, టూత్‌పేస్టులు, ట్రాక్టర్లు 5 శాతంలోకి దిగాయి. ఇది సామాన్యుడికి ఊరటే. అయినా పొలానికి వాడే డీజిల్ జీఎస్టీలో లేదు. దాని మీద కేంద్రం సుంకం, రాష్ట్రం వ్యాట్ వేరే.

మరి కలిగినవాళ్ల వైపు? చనిపోయినవాళ్ల పెద్ద ఆస్తుల మీద 1953లో తెచ్చిన ఎస్టేట్ సుంకాన్ని 1985లో ఎత్తేశారు. 1957లో వచ్చిన సంపద పన్నును 2015 బడ్జెట్లో రద్దు చేసి, కోటి దాటిన ఆదాయం మీద అదనపు సర్‌ఛార్జీ వేశారు. కంపెనీలు రాయితీలు వదులుకుంటే ఆదాయ పన్ను మూల రేటును 2019లో 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. ఆ పాత పన్నులతో వచ్చేది తక్కువ, తలనొప్పి ఎక్కువ అని ప్రభుత్వాలు చెప్పిన కారణంలో నిజం లేకపోలేదు. అవి చిల్లుల బుట్టలే. కానీ చిల్లులు పూడ్చే బదులు బుట్టనే పారేశాం. తాత నుంచి మనవడికి ఎంత ఆస్తి వచ్చినా, వారసత్వంగా వచ్చినందుకు నేడు మన దేశంలో పన్ను లేదు. మనవడు పలక కొనుక్కున్నా, పంపుసెట్టు కొనుక్కున్నా ధరలో ఎక్కడో ఒకచోట పన్ను ఉంటూనే ఉంటుంది.

మాఫీ ఎవరి పేరు మీద?

ఇప్పుడు మళ్లీ మన రైతు దగ్గరికొద్దాం. 2019లో కేంద్రం జరిపిన సర్వేలో దేశంలో సగం వ్యవసాయ కుటుంబాలకు అప్పులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశంలో సగటు అప్పు రూ.74,121 అయితే ఆంధ్రప్రదేశ్‌లో రూ.2.45 లక్షలు. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ!

మాఫీలు రాకపోలేదు. 2008లో కేంద్రం పెద్ద మాఫీ ప్రకటించింది. ఐదెకరాల లోపు రైతులకు పూర్తిగా, మిగతావాళ్లకు నాలుగో వంతు. సుమారు రూ.52 వేల కోట్ల లబ్ధి, మూడున్నర కోట్లకు పైగా రైతులు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాలూ మాఫీలు తెచ్చాయి. 2024లో తెలంగాణ రూ.2 లక్షల దాకా మాఫీ చేసింది. వీటివల్ల ఎన్నో ఇళ్లలో తాకట్టు నగలు తిరిగొచ్చాయి. కాదనలేం.

కానీ ఈ మాఫీలన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. అవి బ్యాంకు అప్పుకే. బ్యాంకు అప్పు పాసుపుస్తకం ఉన్నవాడికే. పాసుపుస్తకం భూమి యజమానికే. మొదట చెప్పుకున్న ప్రామిసరీ నోటు రైతు సొంత పొలం లేని కౌలుదారైతే, ఈ జాబితాల్లో ఆయన పేరు వెతికినా దొరకదు. 2008 మాఫీని తర్వాత కాగ్ తనిఖీ చేస్తే, చూసిన 90 వేల పైచిలుకు ఖాతాల్లో ఐదో వంతుకు పైగా తప్పులు బయటపడ్డాయి. అర్హత లేనివాళ్లకు వచ్చింది, ఉన్నవాళ్లకు రాలేదు. అది ఖాతా ఉన్నవాళ్ల సంగతి. ఖాతాయే లేనివాడి సంగతి తనిఖీకి కూడా అందదు.

కౌలు రైతును గుర్తించే ప్రయత్నం ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే జరిగింది. రుణ అర్హత కార్డులిచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం తెచ్చి 11 నెలల పంట సాగుదారు హక్కుపత్రం ఇచ్చింది. దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు ఎక్కడ పోతుందోనని రైతు భయం. కార్డు చేతికొచ్చినా దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వనట్టు, హామీ ఏదని బ్యాంకు అడుగుతుంది. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సాయమూ పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది.

ఇప్పుడు పన్నును, మాఫీని పక్కపక్కన పెట్టి చూడండి. మాఫీ సొమ్ము ఖజానాది. ఖజానాకు అగ్గిపెట్టె నుంచి డీజిల్ దాకా అన్నీ కొనే కౌలు రైతు, కూలీ కూడా పన్ను కట్టారు. ఆ డబ్బుతో తీరింది భూమి ఉన్నవాడి అప్పు. అంటే తన అప్పు తీరని మనిషి, పక్కవాడి అప్పు తీర్చాడన్నమాట!

గీత మళ్లీ గీసి... చెరిపేసి

2010లో ఉమ్మడి రాష్ట్రంలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. సూక్ష్మ రుణ సంస్థలు పల్లెల్లో వారం వారం వాయిదాలు వసూలు చేశాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దానికి మరోటి. వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక మహిళలు ప్రాణాలు తీసుకున్న వార్తలు వరసగా వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టం చేసింది. వాయిదా వారానికి కాదు, నెలకు. వసూలు ఇంటి గుమ్మంలో కాదు, పంచాయతీ ఆఫీసు వంటి బహిరంగ స్థలంలో. అన్నిటికన్నా ముఖ్యంగా, వడ్డీగా వసూలు చేసేది అసలును మించకూడదు. పాత దామ్‌దుపట్ గీతే!

ఫలితం? వేధింపులు ఆగాయి. అప్పులూ ఆగిపోయాయి. వసూళ్లు పడిపోయి సంస్థలు చేతులెత్తేశాయి. అవసరం మాత్రం ఆగదు కదా! చాలామంది మళ్లీ ఊళ్లో వడ్డీవ్యాపారి దగ్గరికే వెళ్లారు. పొదుపు సంఘాలకు పావలా వడ్డీ బ్యాంకు రుణాలున్నచోట కాస్త తేలిక. లేనిచోట పది రూపాయల వడ్డీ కూడా తప్పలేదు. గీత గీస్తే చాలదు, గీతకు ఇవతల అప్పు పుట్టే చోటు కూడా ఉండాలన్నది ఆ అనుభవం చెప్పిన పాఠం.

2022లో రిజర్వు బ్యాంకు ఈ సంస్థలకు వడ్డీ పరిమితి తీసేసింది. కుటుంబం అన్ని వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదన్న నియమం పెట్టింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఆ సంస్థల వరకు గీత చెరిగిపోయింది.

కంపెనీకో తలుపు ఉంది

అప్పు కట్టలేని కంపెనీ ఏం చేస్తుంది? 2016లో వచ్చిన దివాలా స్మృతి కింద ట్రైబ్యునల్‌కు వెళ్తుంది. అప్పులవాళ్లు కూర్చుని ఎంత వదులుకోవాలో తేల్చుకుంటారు. అలా పరిష్కారమైన కేసుల్లో బ్యాంకులు, ఇతర రుణదాతల చేతికి మొత్తమ్మీద వచ్చింది అడిగినదాంట్లో మూడో వంతు అటూ ఇటూగా. మిగతాది వదులుకున్నట్టే. దాన్ని ఎవరూ మాఫీ అనరు. పరిష్కారం అంటారు! యజమాని చేతి నుంచి కంపెనీ పోతుంది, నిజమే. కానీ దానికో తలుపు ఉంది, ఆ తలుపుకో పద్ధతి ఉంది.

అదే చట్టంలో పేదవాడికీ ఒక తలుపు కట్టారు. ఏడాది ఆదాయం రూ.60 వేలు, ఆస్తి రూ.20 వేలు, అప్పు రూ.35 వేలు దాటనివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే అప్పు కొట్టేసి కొత్తగా బతుకు మొదలుపెట్టనిచ్చే ఏర్పాటు అది. అంకెలు ఎంత చిన్నవో చూడండి. అయినా 2016 నుంచి ఆ అధ్యాయం పుస్తకంలోనే ఉంది. అమల్లోకి రాలేదు. కంపెనీ తలుపు తెరిచారు, పేదవాడి తలుపుకు తాళం తీయలేదు.

దయ కాదు, లెక్క

మాఫీలతో అప్పు కట్టే అలవాటు పోతుందని బ్యాంకర్లు అంటారు. అందులో నిజం ఉంది. ఎన్నికల ముందు ఏడాది వాయిదా కట్టినవాడు అమాయకుడు, ఆపినవాడు తెలివైనవాడు అయ్యే పద్ధతి ఎవరికీ మంచిది కాదు. కానీ దానికి మందు మాఫీ మానేయడం ఒక్కటే కాదు. మాఫీ అవసరం రాకుండా నియమం పెట్టడం.

ఆ నియమానికి కావలసిన ముక్కలన్నీ మన చరిత్రలోనే ఉన్నాయి. నోటు మీద అంకెను కాక అప్పు పుట్టినప్పటి నుంచి లెక్క చూడమన్న 1879 చట్టం. రెట్టింపు దాటితే తీరినట్టే అన్న 1938 చట్టం. సాగు చేసేవాడి పేరు కాగితం మీదికి తేవాలనుకున్న 2011 చట్టం. పేదవాడికి రాసిపెట్టిన 2016 నాటి తలుపు. వీటికి తోడు, కొన్న వస్తువును మాత్రమే కాక కొనే మనిషి స్తోమతను కూడా చూసే పన్ను. ఇవి ఒక్కొక్కటి ఒక్కో కాలంలో వచ్చాయి. ఎప్పుడూ ఒకచోట కలవలేదు.

రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టిన మన రైతుకు కావలసింది ఎవరి దయా కాదు. తీసుకుంది 50 వేలు. రెట్టింపు అంటే లక్ష. ఆరేళ్ల తర్వాత నోటు మీద ఉన్నది 2.16 లక్షలు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న లక్షా పదహారు వేలు ఎవరివన్నదే ప్రశ్న. 1938లో ఒక చట్టం దానికి సూటిగా జవాబు చెప్పింది. వచ్చే మూడేళ్లకు ఆ నోటు తిరగరాసేలోపు మనమూ చెప్పాలి.

గీత గీసిన ఏళ్లు

1875: సుపాలో అప్పు పత్రాల దహనం.
1879: దక్కన్ రైతుల ఉపశమన చట్టం. అప్పు చరిత్ర తవ్వే అధికారం కోర్టులకు.
1938: మద్రాసు చట్టం. అసలుకు రెట్టింపు కట్టి ఉంటే అప్పు తీరినట్టే.
1939: మద్రాసులో అమ్మకం పన్ను.
1976: వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం.
1985: ఎస్టేట్ సుంకం రద్దు.
2008: కేంద్ర రుణమాఫీ.
2010: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల నియంత్రణ.
2011: కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు.
2015: సంపద పన్ను రద్దు.
2016: దివాలా స్మృతి.
2017: జీఎస్టీ.